తుఫాను సాయానికి పన్నెండు సంస్థలు ఒకే షీట్ మీద పనిచేయాలంటే

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. తీరంలో నాలుగు మండలాలు. సాయం చేసే సంస్థలు పన్నెండు: ఒక చర్చి ట్రస్టు, ఒక ఆశ్రమం, రెండు యువజన సంఘాలు, మత్స్యకారుల సొసైటీలు, కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు, మరికొన్ని ఎన్జీవోలు. కిందటి తుఫానులో రోడ్డు పక్కనున్న ఊరికి ఒకే మధ్యాహ్నం నాలుగు బళ్ల భోజనం వెళ్లింది. ఏటి అవతల ఊరికి రెండు రోజులు ఏమీ అందలేదు. అందుకని ఈ అక్టోబరులోపు అందరూ కలిసి వాడే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టుకోవాలనుకుంటున్నారు. ఏది తీసుకోవాలి, జిల్లా కంట్రోల్ రూమ్‌తో ఎలా కలపాలి అన్నవి మీ ప్రశ్నలు.

పదహారేళ్లుగా కోస్తాలో తుఫాన్లు, వరదలు వచ్చినప్పుడు సంస్థల మధ్య సమన్వయం చూసే పనిలో ఉన్నాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

మీ స్థాయికి సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు, కొత్తగా రాయించుకోనూ అక్కర్లేదు. అందరూ కలిసి దిద్దగలిగే గూగుల్ షీట్ ఒకటి, నెట్ లేకపోయినా ఫోన్లో నింపగలిగే కోబో (కోబోటూల్‌బాక్స్) ఫారం ఒకటి, మాట్లాడుకోవడానికి వాట్సాప్ గ్రూపు ఒకటి చాలు. వీటిలో రెండు మీవాళ్ల ఫోన్లలో ఇప్పటికే ఉన్నాయి. మూడోది ఒక పూటలో నేర్చుకోవచ్చు. తుఫాను మధ్యలో ఎవరూ కొత్త యాప్ నేర్చుకోరు. కరెంటు లేని రాత్రి, తడి చేతులతో, టెన్షన్‌లో ఉన్న మనిషి తనకు అలవాటైన దాన్నే తెరుస్తాడు.

అయితే ఏటి అవతలి ఊరికి భోజనం అందకపోవడానికి సాఫ్ట్‌వేర్ లేకపోవడమే కారణం అనుకుంటే పొరపాటు. ఆ ఊరి నుంచి ఎవరూ ఫోన్ చేయలేదు. ఫోన్ రాలేదు కాబట్టి ఆ పేరు మీ పన్నెండు మందిలో ఎవరి కాగితం మీదికీ ఎక్కలేదు. మంచి సాఫ్ట్‌వేర్ ఉన్నా, అందులో వచ్చిన ఫోన్లు మాత్రమే ఎక్కిస్తే ఆ ఊరు మళ్లీ కనబడదు.

మొదట్లో మేమూ అదే చేశాం. ఫోన్ వస్తే షీట్‌లో ఒక వరుస రాసుకునేవాళ్లం. ఒక తుఫానులో మూడో రోజుకు రెండొందల వరుసలు దాటాయి, రంగులు కూడా వేసి పెట్టాం, పని బాగా జరుగుతోందనే అనుకున్నాం. ఆ సాయంత్రం పడవ నడిపే ఆయన ఒకరు వచ్చి, కాలువ గట్టు మీద యానాదుల ఇళ్లు పదిహేను ఉన్నాయనీ, అక్కడికి ఇంతవరకు ఎవరూ రాలేదనీ చెప్పాడు. షీట్ మొత్తం వెతికాను. ఆ గట్టు పేరు లేదు. వాళ్ల ఫోన్లు నీళ్లలో పోయాయి, ఫోన్ ఉన్నా ఎవరికి చేయాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మేం వెళ్లేసరికి పిల్లలు వాన నీళ్లు పట్టుకుని తాగుతున్నారు. ఎక్కువ ఫోన్లు చేసిన ఊళ్లు ఎక్కువ కష్టంలో ఉన్న ఊళ్లు కావని ఆ రోజు నాకు కళ్లారా తెలిసింది.

అప్పటి నుంచి మా షీట్‌లో మొదటి ట్యాబ్ అవసరాలది కాదు, ఊళ్లది. తుఫానుకు నెలల ముందే ప్రతి ఆవాసానికీ ఒక వరుస ఉంటుంది. పంచాయతీకి ఒకటి కాదు, ప్రతి పేటకూ, పాలేనికీ, లంకకూ, దిబ్బకూ, కాలనీకీ, గట్టు మీద గుడిసెలకూ ఒక్కోటి. ఒక్కో వరుసలో ఇళ్లు సుమారు ఎన్ని, దగ్గరి తుఫాను షెల్టర్ ఏది, రోడ్డు తెగితే ఏ రేవు నుంచి పడవ వెళ్తుంది, మాట్లాడదగ్గ ఇద్దరి ఫోన్ నంబర్లు. ఆ ఇద్దరిలో ఒకరు ఆశా కార్యకర్త అయితే మంచిది. ఆమెకు ఏ ఇంట్లో నిండు గర్భిణి ఉందో, ఎవరు డయాలసిస్‌కు వెళ్తారో, ఎవరు మంచం మీద ఉన్నారో తెలుసు. అన్నిటికంటే ముఖ్యమైన కాలమ్ ఒకటుంది: 'చివరిసారి ఎప్పుడు మాట్లాడాం'. ఆరు గంటలు దాటితే ఆ గడి దానంతట అదే ఎర్రబడేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టుకోండి. తుఫాను దాటిన మర్నాడు పొద్దున్న షీట్ తెరిస్తే ముందు ఎర్రగా ఉన్నవే కళ్లబడాలి. అక్కడ ఏం కావాలో మనకు తెలియదు, కానీ మనిషిని పంపాలని తెలుస్తుంది.

సాఫ్ట్‌వేర్ వల్ల నిజంగా కలిసొచ్చేది ఇదేనని నా అభిప్రాయం. పన్నెండు సంస్థలు ఫోన్లు పంచుకుని చేస్తే రెండొందల ఆవాసాల్లో ఎవరు మాట్లాడారు, ఎవరు మాట్లాడలేదు అన్నది గంటలో తేలుతుంది. ఒక సంస్థ ఒక్కతే ఈ పని చేయలేదు. ఒకే షీట్‌లో అందరూ రాయకపోతే పన్నెండు సంస్థలు కలిసినా కుదరదు.

రెండో ట్యాబ్ అవసరాలది. ఒక అవసరానికి ఒక వరుస. 'భోజనం, టార్పాలిన్లు, బీపీ మాత్రలు' అని ఒకే గడిలో రాస్తే భోజనం పంపినవాళ్లు పని అయిపోయినట్టు దాన్ని పచ్చ చేస్తారు, మాత్రలు మరుగున పడతాయి. మూడు వరుసలు రాయండి. ప్రతి వరుస బాధ్యత ఒక సంస్థది, ఆ సంస్థలో ఒక మనిషి పేరు రాయాలి. 'అందరం చూసుకుందాం' అని వదిలిన వరుసను ఎవరూ చూడరు.

ఆ వరుస ఏ దశలో ఉందో చెప్పడానికి మేం ఐదు మాటలే వాడతాం, డ్రాప్‌డౌన్‌లో పెట్టి: విన్నాం, నిర్ధారించాం, తీసుకున్నాం, బయల్దేరింది, అందింది. చివరి రెండింటి మధ్య తేడా కోసం నేను ఎవరితోనైనా వాదనకు దిగుతాను. ఒకసారి ఒక పాలేనికి రెండొందల దుప్పట్లు, పాలపొడి లారీలో పంపి, ఎక్కించిన అబ్బాయి షీట్‌లో 'పూర్తయింది' అని కొట్టాడు. తన వంతు పని తాను పూర్తి చేశాడు, అతని తప్పేం లేదు. లారీ మాత్రం కల్వర్టు తెగి దారిలో ఆగిపోయింది. డ్రైవర్ ఫోన్‌లో చార్జింగ్ లేదు. షీట్ పచ్చగా ఉంది కాబట్టి మిగతా సంస్థలు ఆ పాలెం వైపు చూడలేదు. రెండు రాత్రులు అక్కడివాళ్లు బడి వరండాలో తడిబట్టలతో ఉన్నారు. అప్పటి నుంచి మా నియమం: పంపినవాళ్లకు 'అందింది' అని కొట్టే హక్కు లేదు. షీట్ నడిపే మన కంట్రోల్ డెస్కులో కూర్చున్న వేరే మనిషి ఆ ఊరివాళ్లతో ఫోన్లో మాట్లాడి, అందుకున్న మనిషి పేరు, సమయం రాశాకే ఆ వరుస మూతపడుతుంది. దీన్ని నమ్మకం లేకపోవడంగా తీసుకునే సంస్థలు ఉంటాయి. ఎవరినీ అనుమానించి పెట్టిన నియమం కాదని ముందే కూర్చుని చెప్పాలి. తుఫాను రోజున చెబితే గొడవవుతుంది.

ఊళ్ల పేర్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ లారీలను తప్పుదారి పట్టించేది ఇదే. కొత్తపేట, కొత్తపాలెం, రామాపురం, గొల్లపాలెం మన దగ్గర మండలానికొకటి ఉంటాయి. వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. షీట్‌లో వెతికితే ఒక స్పెల్లింగ్ దొరుకుతుంది, మిగతా మూడూ దొరకవు. పైగా 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. తెలంగాణలో 2016లో పది జిల్లాలు 31, తర్వాత 33 అయ్యాయి. పాత జాబితాలు పాత జిల్లా పేర్లతోనే తిరుగుతున్నాయి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ ఒక కోడ్ నంబరు ఉంటుంది. మొదటి ట్యాబ్‌లో దాన్ని రాసుకోండి. ఆ గ్రామంలోని పేటలకు కోడ్ చివర మీరే ఒకటి, రెండు అని చేర్చుకోండి. ఊరి పేరు తెలుగులోనే రాయండి. టైప్ చేయనివ్వకుండా డ్రాప్‌డౌన్ నుంచి ఎంచుకునేలా పెడితే స్పెల్లింగ్ గొడవ ఉండదు. రేవులకు, షెల్టర్లకు ముందే ఫోన్‌తో లొకేషన్ తీసి పెట్టుకోండి. నీళ్లు నిండాక మైలురాళ్లు, బోర్డులు కనబడవు.

ఒకే కబురు పదిసార్లు రావడం గురించి కేరళను చూడండి. 2018 ఆగస్టు వరదల్లో అక్కడి ప్రభుత్వ ఐటీ మిషన్, ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంఘం వాలంటీర్లు కలిసి కేరళరెస్క్యూ డాట్ ఇన్ అనే సైట్ నిలబెట్టారు. కోడ్ అందరికీ తెరిచి పెట్టడంతో ఎక్కడెక్కడి ప్రోగ్రామర్లో చేయి వేశారు. సాయం కావాలన్నవాళ్లు, సామాన్లు ఇస్తామన్నవాళ్లు, శిబిరాలు, వాలంటీర్లు అన్నీ ఒకే చోటికి వచ్చాయి. పది లక్షలమందికి పైగా శిబిరాల్లో ఉన్న విపత్తు అది. బయట వాట్సాప్‌లో మాత్రం, అప్పటికే రక్షించినవాళ్ల కోసం కూడా పాత మెసేజీలు తిరుగుతూనే ఉన్నాయి. ఫార్వర్డ్ అయిన మెసేజ్‌కు తేదీ ఉండదు, అది తీరిపోయిందని చెప్పేవాళ్లూ ఉండరు. అక్కడి వాలంటీర్లు ఒక్కొక్క నంబరుకూ ఫోన్ చేసి, ఇంకా అవసరం ఉందా లేదా అని కనుక్కుని వడపోయాల్సి వచ్చింది.

మీరు చేయాల్సిందీ అదే. వాట్సాప్ గ్రూపులో వచ్చింది ఏదైనా షీట్‌లో వరుసగా మారి, ఒక నంబరు వచ్చాకే దాని మీద బండి కదలాలి. గ్రూపులో ఎవరైనా 'ఫలానా ఊళ్లో అత్యవసరం' అంటే డెస్కు మనిషి ఆ నంబరుతోనే జవాబివ్వాలి: 'ఇది 147వ వరుస, ఆశ్రమం వాళ్లు తీసుకున్నారు.' రెండు రోజుల్లో అందరికీ అలవాటవుతుంది. నంబరు లేని మెసేజ్ కోసం కంగారుపడటం ఆగుతుంది. ఫోన్ నంబరు కాలమ్‌లో ఒకే నంబరు రెండుసార్లు వస్తే రంగు మారేలా పెట్టండి. డూప్లికేట్లలో చాలావరకు అక్కడే దొరుకుతాయి.

గూగుల్ షీట్‌తో ఒక ప్రమాదం ఉంది, ముందే చెబుతాను. ఎవరైనా తమ మండలం మాత్రమే చూడాలని ఫిల్టర్ పెడితే మిగతా అందరికీ అదే కనిపిస్తుంది. ఒకే కాలమ్‌ను సార్ట్ చేస్తే పేర్లు ఒకరివి, నంబర్లు ఇంకొకరివి అయిపోతాయి. ఎవరి ఫిల్టర్ వాళ్లకే కనిపించే ఫిల్టర్ వ్యూ అందరికీ నేర్పండి. శీర్షికలున్న వరుసనూ, కోడ్ కాలమ్‌నూ లాక్ చేయండి. దిద్దే హక్కు సంస్థకు ఇద్దరికే ఇచ్చి, మిగతావాళ్లను చూడనివ్వండి. ఏదైనా చెడితే వెర్షన్ హిస్టరీలో వెనక్కి వెళ్లడం ఎలాగో డెస్కులో కనీసం ముగ్గురికి తెలియాలి. మూడు గంటలకోసారి ఒక కాపీ ఎగ్జెల్‌గా ల్యాప్‌టాప్‌లోకి దించి, వీలైతే ప్రింట్ తీయండి.

మీ పన్నెండులో పెద్ద సంస్థ ఒకటి తమ సొంత యాప్‌ను వదిలేది లేదంటోందని రాశారు. వదలమని బలవంతం చేయకండి, గెలవరు. ఈ గొడవ మీకే కాదు. 2005 ఆగస్టులో అమెరికాలో కత్రినా తుఫాను వచ్చినప్పుడు తప్పిపోయినవాళ్ల జాబితాలు ఎన్నో వెబ్‌సైట్లలో విడివిడిగా పుట్టాయి. తల్లి పేరు ఒక సైట్లో ఉంటే ఆమెను వెతికే కొడుకు ఇంకో సైట్లో ఉన్నాడు. వాటిని కలపడానికి వాలంటీర్లు కొత్త సైట్ పెట్టి ఊరుకోలేదు. ఏ జాబితా అయినా మనిషి వివరాలను ఒకే తీరుగా రాసి ఇచ్చిపుచ్చుకునేలా పీఎఫ్‌ఐఎఫ్ అనే ఉమ్మడి పద్ధతి తయారుచేశారు. 2010లో హైతీ భూకంపం తర్వాత గూగుల్ తెచ్చిన పర్సన్ ఫైండర్ ఆ పద్ధతి మీదే నడిచింది. మీరూ ఆ సంస్థతో ఒక్కటే ఒప్పందం చేసుకోండి: వాళ్ల యాప్‌లో ఏం ఉన్నా సరే, పొద్దున్న ఎనిమిదికి, మధ్యాహ్నం రెండుకు, రాత్రి ఎనిమిదికి మన కాలమ్స్ వరసలో ఒక ఎగ్జెల్ ఇవ్వాలి. ఊరి కోడ్, ఏం కావాలి, ఎంత, దశ, సమయం. ఈ ఐదూ చాలు. అంతర్జాతీయ సంస్థలు హెచ్‌ఎక్స్‌ఎల్ అని ఒక పద్ధతి వాడతాయి. ఎవరి శీర్షికలు వాళ్లవే ఉంచి, వాటి కింద ఒక్క వరుసలో అందరికీ ఒకటే అయిన గుర్తులు రాస్తారు. ఏ కాలమ్ దేనిదో ఆ గుర్తుల్ని బట్టి కంప్యూటర్ కలుపుకుంటుంది. ఆలోచన అదే, మీకు అంత అవసరం కూడా పడదు.

సహన అనే విపత్తు సహాయ సాఫ్ట్‌వేర్ గురించి అడిగారు కాబట్టి చెబుతాను. 2004 డిసెంబరు 26 సునామీలో శ్రీలంకలో ముప్పై వేలమందికి పైగా చనిపోయారు. ప్రపంచం నలుమూలల నుంచి వందల సంస్థలు దిగాయి. ఎవరు ఎక్కడ ఏం చేస్తున్నారో చెప్పగలిగేవాళ్లు లేరు. అప్పుడు అక్కడి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు స్వచ్ఛందంగా కూర్చుని కొద్ది వారాల్లో ఈ వ్యవస్థను రాశారు, ఉచితంగా అందరికీ వదిలారు. సింహళంలో సహన అంటే ఉపశమనం. తప్పిపోయినవాళ్ల నమోదు, శిబిరాల నమోదు, అవసరాలకు సాయాన్ని జతచేయడం అందులో భాగాలు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది సంస్థల నమోదు. ఎవరు, ఏం, ఎక్కడ. ఐక్యరాజ్యసమితి సమన్వయ విభాగం ఓచా కూడా ప్రతి విపత్తులో ముందు తయారుచేసేది ఈ పట్టికనే. సహనను నడపడానికి ఒక సర్వర్, దాన్ని చూసుకునే మనిషి కావాలి. మీ జిల్లాలో ఏడాది పొడవునా ఆ పని చూసే సాంకేతిక నిపుణుడు లేకపోతే దాని జోలికి వెళ్లకండి. అందులోని సంస్థల పట్టికను మాత్రం తీసుకోండి, మీ మూడో ట్యాబ్ అదే. చర్చి ట్రస్టు దగ్గర రోజుకు వెయ్యిమందికి వండే వంటశాల, సొసైటీల దగ్గర మరపడవలు, కాలేజీ దగ్గర జనరేటరు, ఇంకొకరి దగ్గర నీళ్ల ట్యాంకరు. వాటి డ్రైవర్ల నంబర్లు కూడా రాయండి. జనరేటరు ఉండి, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియక రాత్రంతా చీకట్లో గడిపిన శిబిరం ఒకటి నేను చూశాను.

ఉషాహిదీ లాంటి మ్యాప్ సాధనాలు మీకు ఇప్పుడు అక్కర్లేదు. 2008లో కెన్యా ఎన్నికల హింస సమయంలో పుట్టిన మంచి సాధనం అది. ఎక్కడెక్కడి నుంచో జనం పంపే కబుర్లను మ్యాప్ మీద చూపిస్తుంది. మీకు తక్కువైంది జనం పంపే కబుర్లు కావు.

నెట్ పోయినప్పుడు ఏం చేయాలన్నది అందరూ చివరికి వదిలేస్తారు. దాన్ని ముందు ఆలోచించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల పైన వీచింది. అంత పెద్ద నగరంలోనే కరెంటు, సెల్ టవర్లు పడిపోయి ఫోన్లు మూగబోయాయి. మీ తీర మండలాల్లో అంతకంటే మెరుగ్గా ఉంటుందని అనుకోకండి. కోబో ఫారం అందుకే చెప్పాను. ఊళ్లోకి వెళ్లిన వాలంటీర్ సిగ్నల్ లేకుండానే ఫోన్లో ఫారం నింపుతాడు, లొకేషన్ కూడా ఎక్కుతుంది. సిగ్నల్ ఉన్న చోటికి రాగానే అన్నీ ఒకేసారి వెళ్లిపోతాయి. ఫారం తెలుగులో పెట్టుకోవచ్చు. ప్రశ్నలు పదికి మించనివ్వకండి. ఇంటింటి సర్వేకు అది సమయం కాదు.

ఫోన్ కూడా పనిచేయని చోట కాగితమే. షీట్‌లో ఉన్న కాలమ్స్‌తోనే ఒక పుస్తకం అచ్చు వేయించి మండలానికి రెండు ఉంచండి. బైకు మీద ఒకతను రోజుకు రెండుసార్లు ఆ పేజీల ఫొటోలు తీసుకుని సిగ్నల్ ఉన్న ఊరికి వెళ్తే డెస్కులో ఎక్కిస్తారు. మేం ఇలా రెండు రోజులు నడిపాం, ఆలస్యం అవుతుంది గానీ ఆగిపోదు.

దగ్గర్లో, సెల్ టవర్లతో పని లేకుండా మాట్లాడగలిగే హామ్ రేడియో వాళ్లుంటే ఇప్పుడే పరిచయం చేసుకోండి. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో దీనికి శిక్షణ ఇస్తుంది. 2004 డిసెంబరులో ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ తన బృందంతో రేడియో ప్రసారాల కోసం అండమాన్ వెళ్లి ఉన్నారు. సునామీ వచ్చి ఫోన్లు పోయాక పోర్ట్‌బ్లెయిర్ నుంచి బయటి ప్రపంచానికి కబుర్లు చేరవేసింది ఆమె బృందమే. అందాకా వచ్చిన పనిని పక్కన పెట్టి రేడియోను సహాయానికి తిప్పారు. ఆమె గురించి ప్రతి శిక్షణలోనూ పిల్లలకు చెబుతాను.

ఇక జిల్లా యంత్రాంగం. మీ షీట్ లింకు కలెక్టరేట్‌కు పంపి, వాళ్లు తెరిచి చూస్తారని ఎదురుచూడకండి. వాళ్లకు వాళ్ల వ్యవస్థ ఉంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ఇచ్చిన ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ మార్గదర్శకాల ప్రకారం జిల్లాలో బాధ్యతాధికారి కలెక్టరే. ఆయన కింద పని ఆపరేషన్స్, ప్లానింగ్, లాజిస్టిక్స్ విభాగాలుగా ఉంటుంది. మీ సమాచారం ప్లానింగ్ చూసేవాళ్లకు కావాలి, మీ సరుకులు, పడవలు లాజిస్టిక్స్ వాళ్లకు తెలియాలి. పన్నెండు సంస్థలు పన్నెండు ఫోన్లు చేస్తే అక్కడ ఎవరికీ తీరిక ఉండదు. పన్నెండు మంది తరఫున ఒకే మనిషిని ఎంచుకుని, తుఫాను హెచ్చరిక రాగానే కంట్రోల్ రూమ్‌లో కూర్చోబెట్టండి. ముందే కలెక్టరేట్‌కు ఆ మనిషి పేరుతో ఉత్తరం ఇచ్చి అనుమతి తీసుకోండి. ఆ మనిషి చేసేది రెండు పనులు. అధికారుల దగ్గర ఏ ఊరికి ప్రభుత్వ సాయం వెళ్తోందో తెలుసుకుని మన షీట్‌లో ఎక్కించడం. మన ఎర్ర వరుసల్ని ఒక్క పేజీలో వాళ్లకు చూపించడం. అధికారులకు ఒక్క పేజీ చాలు, వాళ్లకు వంద వరుసలు చదివే సమయం ఉండదు. 'ఈ ఏడు ఆవాసాలతో పద్దెనిమిది గంటలుగా మాట సంబంధం లేదు' అని కోడ్‌తో సహా రాసిస్తే ఏ అధికారైనా కదులుతారు. నా అనుభవంలో ఒక్కసారి కూడా ఆ కాగితాన్ని తోసిపుచ్చలేదు.

ప్రాణాపాయం ఉన్న ఫోన్ వస్తే షీట్ పక్కన పెట్టి ముందు 112కో, జిల్లా కంట్రోల్ రూమ్ 1077కో చేయండి. ఎన్డీఆర్‌ఎఫ్ పడవ వెళ్లాల్సిన చోటికి మన పిల్లలు ట్యూబులు కట్టుకుని వెళ్లకూడదు. ఈ మాట శిక్షణలో గట్టిగా చెప్పండి, ఉత్సాహంలో పిల్లలు వినరు.

వాతావరణ హెచ్చరికలు గ్రూపులో ఎవరికి వారు పెట్టడం ఆపేయండి. పాత వీడియోలు, వేరే రాష్ట్రం ఫొటోలు వచ్చేది ఆ దారినే. వాతావరణ శాఖ, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ, ప్రభుత్వ హెచ్చరికల యాప్ సచేత్‌లలో వచ్చినదాన్ని ఒకే మనిషి, సమయం రాసి పెట్టాలి.

జనం వివరాల విషయంలో జాగ్రత్త. ఒంటరిగా ఉన్న ఆడవాళ్ల నంబర్లు, తప్పిపోయిన పిల్లల ఫొటోలు, రోగుల జబ్బుల పేర్లు లింకు తెలిసిన ప్రతివాళ్లకూ కనబడే షీట్‌లో ఉండకూడదు. ఊరి కోడ్, అవసరం, దశ ఉన్న ట్యాబ్ అందరికీ. సాయం అడిగినవాళ్ల పేర్లు, నంబర్లు ఉన్నది వేరే ఫైలులో, డెస్కు మనుషులకే. రెండింటినీ కలిపేది వరుస నంబరు. తుఫాను సర్దుకున్న నెలకు ఆ ఫైలు చెరిపేయాలని, ఎవరు చెరుపుతారో కూడా ఇప్పుడే రాసుకోండి. కష్టంలో ఉన్నప్పుడు మనల్ని నమ్మి చెప్పిన విషయాలు అవి.

మీ ఊళ్ల నుంచి అమెరికా, గల్ఫ్ వెళ్లిన పిల్లలు డబ్బు పంపడమే కాదు, పని కూడా చేస్తామంటున్నారని రాశారు. తప్పకుండా చేయించండి. హైతీ భూకంపం అప్పుడు 4636 నంబరుకు జనం తమ క్రియోల్ భాషలో ఎస్ఎంఎస్‌లు పంపితే, వేరే దేశాల్లో ఉన్న హైతీవాళ్లే వాటిని అనువదించి, ఏ వీధి ఎక్కడుందో గుర్తుపట్టి చెప్పారు. ఊరు తెలిసినవాళ్లే చేయగలిగిన పని అది. మనకు అర్ధరాత్రి అయితే అమెరికాలో ఉన్నవాళ్లకు పగలు. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా డూప్లికేట్లు కలపడం, వాట్సాప్‌లో వచ్చినవి వరుసలుగా ఎక్కించడం, పొద్దుటి ఒక్క పేజీ తయారు చేయడం వాళ్లకు అప్పగించండి. డెస్కులో మీవాళ్లు నాలుగు గంటలు నిద్రపోతారు. మూడో రోజుకు దాని విలువ తెలుస్తుంది, ఎందుకంటే నిద్ర లేని మనిషే తప్పు ఊరికి లారీ పంపేది. ఊళ్లకు ఫోన్లు చేసే పని మాత్రం వాళ్లకు ఇవ్వకండి. విదేశీ నంబరు నుంచి ఫోన్ వస్తే ఊరివాళ్లు ఎత్తరు.

సెప్టెంబరులో ఒక ఆదివారం రిహార్సల్ పెట్టండి. పన్నెండు సంస్థలూ రావాలి. ముప్పై చీటీల మీద కల్పిత అవసరాలు రాసి ఫోన్లో చెప్పించండి. వాటిలో ఐదు డూప్లికేట్లు, రెండు తప్పు ఊరి పేర్లతో. గంట తర్వాత అందరి ఫోన్లలో డేటా ఆపించి కాగితం మీదికి మార్చండి. సాయంత్రానికి ఎన్ని వరుసలు నిజంగా 'అందింది' దాకా వెళ్లాయో లెక్కపెట్టండి. మొదటిసారి మాకు సగం కూడా రాలేదు. ఎక్కడ తెగిందో అందరూ కళ్లతో చూశారు కాబట్టి ఆ తర్వాత నియమాల మీద వాదన రాలేదు.

ఊళ్ల ట్యాబ్ ఈ వారమే మొదలుపెట్టండి. సర్పంచులతో పాటు పడవలు నడిపేవాళ్లను, ఆశా కార్యకర్తలను, పాలు పోసేవాళ్లను కూర్చోబెట్టి అడగండి. గట్టు మీద ఎవరున్నారో, రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండే కుటుంబాలు ఎక్కడున్నాయో, పనికి వచ్చి ఇటుకబట్టీల్లో ఉండేవాళ్లు ఎందరో వాళ్లకే తెలుసు. రాశాక ఆ షీట్ ఇక్కడ పెట్టకండి, అందులో నంబర్లుంటాయి. ఖాళీ కాలమ్స్ మాత్రం పెడితే చూసి, ఏది తీసేయొచ్చో చెబుతాను.